తిరుమలదేవి గజపతి కూతురా, శ్రీరంగపట్నం ఆడపడుచా?

కొత్తచదువరి:

అందరికీ నమస్కారం. చిన్న విషయమే కానీ ఇంట్లో పెద్ద గొడవైంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూల్ వార్షికోత్సవానికి శ్రీకృష్ణదేవరాయల మీద నాటకం వేస్తున్నారు, దీనికి తిరుమలదేవి వేషం వచ్చింది. మొదటి డైలాగే "నేను కళింగాధీశుడు ప్రతాపరుద్ర గజపతి కుమార్తెను, ఓడిన నా తండ్రి నన్ను సంధికి కానుకగా ఇచ్చాడు" అని. పిల్ల అద్దం ముందు నిలబడి అది వల్లె వేస్తుంటే పక్క గదిలోంచి మా నాన్న లేచొచ్చి "ఎవరమ్మా రాసింది ఈ తప్పుల తడక, తిరుమలదేవిది శ్రీరంగపట్నం" అన్నారు. మా ఆవిడేమో చిన్నప్పుడు తను కూడా గజపతి కూతురనే చదువుకున్నానంది. నేను నెట్‌లో వెతికితే సగం మంది అదీ సగం మంది ఇదీ. పిల్లకి టెన్షన్, స్టేజీ మీద ఏం చెప్పాలో తెలియక.

ఇంకోటి కూడా ఉంది. స్క్రిప్టు మొత్తం చదివితే ఆవిడ చేసే పనులు మూడే: అలగడం, రాయల చిత్రపటం వైపు కాళ్లు పెట్టి పడుకోవడం, చివర్లో ఏడవడం. ఇంత పెద్ద సామ్రాజ్యానికి పట్టమహిషి, నిజంగా ఆవిడ బతుకు ఎలా ఉండేదో మనకేమైనా తెలుసా? తెలిస్తే రెండు మంచి డైలాగులు చేర్పిద్దామని.

శాసనాలపిచ్చి:

మీ నాన్నగారే కరెక్ట్ అండీ. దీనికి పెద్ద వాదన కూడా అక్కర్లేదు, తేదీలు చాలు.

రాయలు తిరుమల కొండకి మొదటిసారి వెళ్లింది 1513 ఫిబ్రవరి 10న. స్వామికి రత్నాల కిరీటం, కర్పూర హారతికి 25 వెండి పళ్లేలు ఇచ్చాడు. అదే రోజు ఇద్దరు రాణులు, చిన్నాదేవి, తిరుమలదేవి, రాత్రి పాలారగింపుకి తలా ఒక బంగారు గిన్నె సమర్పించారు. ఇది గోడ మీద చెక్కి ఉన్న మాట, ఎవరో తర్వాత అల్లింది కాదు. ఇప్పుడు గజపతి యుద్ధం సంగతి చూడండి. ఉదయగిరి కోట లొంగింది 1514 జూన్‌లో. కొండవీడు 1515 జూన్‌లో. ఆ తర్వాత కొండపల్లి, రాజమహేంద్రవరం, సింహాచలం, అక్కణ్ణించి ఇంకా పైకి. గజపతి దిగొచ్చి సంధి చేసుకుని కూతురినిచ్చింది 1518 ప్రాంతంలో అంటారు. మరి 1513లోనే రాణి హోదాలో కొండ మీద గిన్నె ఇచ్చినావిడ అయిదేళ్ల తర్వాత కుదిరిన సంధిలో పెళ్లికూతురు ఎలా అవుతుంది?

రాయల కాలంలోనే, 1520 ప్రాంతంలో, విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ముగ్గురు పెద్ద రాణుల గురించి విడివిడిగా చెప్పాడు. ఒకరు ఒరిస్సా రాజు (అంటే గజపతి) కూతురు, ఒకరు రాయలకి సామంతుడైన శ్రీరంగపట్నం రాజు కూతురు, మూడో ఆవిడ రాయలు గద్దెనెక్కక ముందు నుంచీ ప్రేమించిన గణిక. పేర్లు చెప్పలేదు, అక్కడే మన వాళ్లు తికమకపడ్డారు. కానీ పైన తేదీలు పెట్టుకుంటే లెక్క తేలుతుంది కదా. 1513 నాటికే రాణులుగా ఉన్నది ఇద్దరు, చిన్నాదేవి గణిక అని న్యూనిజ్ అనే ఇంకో పోర్చుగీసు ఆయన పేరు పెట్టి రాశాడు, కాబట్టి మిగిలిన తిరుమలదేవి శ్రీరంగపట్నం ఆవిడ. గజపతి కూతురు మూడో మనిషి.

ఇక "బతుకు ఎలా ఉండేది" అన్నారు. శాసనాల్లో ఆవిడ కనిపించేదల్లా ఇస్తూనే. 1514 జూలైలో, ఉదయగిరి గెలిచి నేరుగా తిరుమల వెళ్లి రాయలు 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించాడు, ఆ వేళ తిరుమలదేవి చక్రపదకం, చిన్నాదేవి కంఠమాల ఇచ్చారు. 1515లో కొండవీడు పడ్డాక అమరావతిలో రాయలు తులాపురుష దానం (తన ఎత్తు బంగారం తూచి ఇవ్వడం) చేస్తే పక్కనే చిన్నాదేవి రత్నధేను దానం (రత్నాలతో చేసిన ఆవు), తిరుమలదేవి సప్తసాగర దానం (ఏడు సముద్రాలకి గుర్తుగా ఏడు పాత్రలు) చేశారు. 1516 మార్చిలో సింహాచలం. అక్కడ రాయలు తల్లి నాగలాదేవి, తండ్రి నరసానాయకుడి పుణ్యం కోసం 991 ముత్యాల హారం ఇచ్చాడు, రాణులిద్దరి చేతా తలా ఒక పదకం ఇప్పించాడు, ఒక్కొక్కటి 500 వరహాలది.

ఈ ఊళ్లు వరసగా మ్యాప్ మీద పెట్టి చూడండి. తిరుమల, అమరావతి, సింహాచలం. అది సైన్యం నడిచిన దారి! రాణులు ఇంట్లో కూర్చోలేదు, దండుతో పాటే ఉన్నారు. నన్నడిగితే అలకపాన్పు సీన్ తీసేసి ఇది పెట్టమంటాను.

హంపిదారి:

పైన అన్న గారు బాగా చెప్పారు. ఆయన రాసిందాంట్లో ఒకటి గమనించారా, సింహాచలంలో ఇద్దరికీ సరిగ్గా 500, 500. ఇది ఊరికే జరిగింది కాదని నా నమ్మకం. ఎందుకంటే పేస్ అచ్చం ఇదే మాట రాశాడు, రాయలు ఒక రాణికి ఏదైనా ఇస్తే మిగతా వాళ్లకీ అంతే ఇస్తాడు, అందుకే వాళ్ల మధ్య తగువులు లేవు, అందరూ స్నేహంగా ఉంటారు, కానీ ఎవరి ఇల్లు వాళ్లదే అని. స్నేహంగా ఉన్నారో లేదో ఆ గోడ బయట నిలబడ్డ యాత్రికుడికి ఏం తెలుసు అది వేరే సంగతి (అంతఃపురంలోకి మగవాడు వెళ్లడానికి లేదని ఆయనే రాశాడు కదా, మరి ఎవరు చెప్పారో!) కానీ సమానంగా ఇవ్వడం మాత్రం రాతి మీద కూడా కనిపిస్తోంది. ఇద్దరు సవతులున్న ఇంట్లో పండక్కి చీరలు కొన్నవాడెవడికైనా అర్థమవుతుంది ఆ తూకం ఎంత ముఖ్యమో.

పేస్ చెప్పిన మిగతా వివరాలు: ఒక్కో పెద్ద రాణికీ సొంత ఇల్లు, సొంత ఖజానా, సొంత నగలు, 60 మంది చెలికత్తెలు, కాపలాకి కూడా ఆడవాళ్లే. బయటికి వెళ్లాలంటే అన్ని వైపులా మూసేసిన పల్లకీ, చుట్టూ మూడు నాలుగు వందల మంది నపుంసకులు, జనమంతా దూరంగా తప్పుకోవాలి. అంటే దండుతో పాటు వెళ్లారన్నా గుర్రమెక్కి కత్తి తిప్పినట్టు ఊహించుకోకండి, ఆ మూసిన పల్లకీలోనే బెజవాడ ఎండల్లో ఎన్ని రోజులు ఊగుతూ వెళ్లారో. నాకైతే ఆ పల్లకీ తలుచుకుంటేనే ఊపిరాడదు.

మహర్నవమి ఉత్సవాల గురించి రాసిన చోట ఇంకోటుంది. రాణుల చెలికత్తెలు ఊరేగింపుగా వస్తారు, ఒంటి నిండా బంగారం, వజ్రాలు, ముత్యాలు. మోచేతుల దాకా గాజులు, కడియాలు. ఆ బరువుకి చాలామంది చేతులు ఎత్తలేకపోతుంటే పక్కన ఇంకొందరు ఆడవాళ్లు నడుస్తూ వాళ్ల చేతులు పట్టుకుని మోస్తున్నారట. పనివాళ్ల సంగతే ఇది. రాణుల సంగతి ఊహించుకోండి. నేను హంపిలో మహర్నవమి దిబ్బ ఎక్కినప్పుడల్లా నాకు ఏనుగులూ గుర్రాలూ గుర్తుకు రావు, ఆ చేతులే గుర్తొస్తాయి.

న్యూనిజ్ ఇంకొంచెం తర్వాత, రాయల తర్వాత గద్దెనెక్కిన అచ్యుతదేవరాయల కాలంలో రాశాడు. లోపలి ఖర్చుల లెక్కలు రాసేవాళ్లు ఆడవాళ్లేనట. రాజ్య వ్యవహారాలు రాసి బయటి లేఖకుల పుస్తకాలతో సరిచూసే ఆడవాళ్లు కూడా ఉండేవారట. మల్లయుద్ధం చేసేవాళ్లు, జోస్యం చెప్పేవాళ్లు సరేసరి. ఆ అంతఃపురంలో కాలు చాచుకుని అలిగి పడుకోవడమే పని అయ్యుండదు.

ఓఢ్రదేశం:

అందరూ ఇంత గట్టిగా చెబుతున్నారు కానీ చిన్న అనుమానం. పెళ్లయ్యాక పేరు మార్చడం మామూలే కదా? గజపతి కూతురికి అత్తింట్లో తిరుమలదేవి అని పేరు పెట్టి ఉండొచ్చు. రాయల ఇష్టదైవం వేంకటేశ్వరుడు, తిరుమల పేరు ఎవరికైనా పెడతారు. మా చిన్నప్పటి వాచకాల్లో కూడా అలాగే ఉంది, అంతమంది పెద్దలు పొరపాటు పడ్డారంటారా?

శాసనాలపిచ్చి:

పేరు మార్చి ఉండొచ్చు సార్, కాదనను. కానీ ఆ వాదన నిలవాలంటే 1513లో ఒక తిరుమలదేవి, 1518 తర్వాత ఇంకో తిరుమలదేవి అని ఇద్దరిని ఒప్పుకోవాలి. అప్పుడైనా పాలగిన్నె ఇచ్చినావిడ గజపతి కూతురు కాదు. పైగా అమరావతిలో, సింహాచలంలో దానాలు చేస్తున్నప్పుడు యుద్ధం గజపతితోనే నడుస్తోంది. తండ్రి కోటలు ఒక్కోటీ పడుతుంటే ఆ విజయానికి మొక్కుగా కూతురు దానాలు చేస్తుందా?

వాచకాల మాటంటారా. పేస్‌లో "ఒరిస్సా రాజు కూతురు" అని ఉంది, ముగ్గురిలో బాగా వినపడే పేరు తిరుమలదేవి, రెండూ కలిపేశారు. నేనూ చిన్నప్పుడు అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను లెండి.

చాటుపద్యం:

ఆలస్యంగా వచ్చాను కానీ నా వాటా నేను చెప్పాలి.

కాళ్ల కథ. రాణి నిద్రలో కాళ్లు రాయల చిత్రపటం వైపు ఉన్నాయని ఒక వెర్షన్, నిద్రలో కాలు రాయలకే తగిలిందని ఇంకో వెర్షన్. రాయలకి కోపమొచ్చి ఆవిడ గడప తొక్కడం మానేశాడు. పుట్టింటి నుంచి అరణంగా వెంట వచ్చిన కవి నంది తిమ్మన ఆవిడ బాధ చూసి పారిజాతాపహరణం రాశాడు, అందులో సత్యభామ సాక్షాత్తూ శ్రీకృష్ణుడి తలని ఎడమకాలితో తోస్తే ఆయన కోప్పడకపోగా నీ పాదం నొచ్చిందేమో అంటాడు, అది విని రాయలు మెత్తబడ్డాడు. ఇదీ కథ. దీనికి ఏ శాసనమూ లేదు, పద్యం చుట్టూ జనం అల్లుకున్న చాటు కథ. అయినా నాకిష్టమే. ఒక రాణికి భర్తతో మాట చెప్పించాలంటే కవి కావాల్సి వచ్చింది, చూడండి. కానీ దాని ఒక్కదాని మీదే ఆవిడ బతుకంతా నిలబెట్టి నాటకాలు రాయడం మాత్రం అన్యాయం.

ఇక అసలు గజపతి కూతురు. ఆవిడ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? ఆవిడకి పేరే స్థిరంగా లేదు. తుక్కా అంటారు, జగన్మోహిని అంటారు, భద్ర అంటారు, కంభం వైపు వరదరాజమ్మ అంటారు. గుండ్లకమ్మ మీద రెండు కొండల మధ్య కట్టకట్టి ఆ కంభం చెరువు తవ్వించింది ఆవిడేనని అక్కడి వాళ్ల మాట. భర్త పట్టించుకోకపోతే ఒంటరిగా అక్కడ ఉండిపోయిందని. ఆవిడ చెప్పినవిగా సంస్కృతంలో అయిదు శ్లోకాలు, తుక్కా పంచకం అని ప్రచారంలో ఉన్నాయి. మొదటిదాని భావం నా మాటల్లో: అడివంతా తిరిగే తుమ్మెద పూలగుత్తులన్నీ చూసింది, సంపెంగ మీద మాత్రం వాలలేదు. సంపెంగ అందంగా లేదా? తుమ్మెదకి రసికత లేదా? ఏదీ కాదు, ఈశ్వరుడి ఇష్టం అలా ఉంది, అంతే.

ఆవిడే చెప్పిందో ఎవరైనా ఆవిడ పేరు మీద చెప్పారో, తిట్టు లేదు, శాపం లేదు, ఏడుపు కూడా పైకి లేదు. "నేను బాగాలేనా" అనే ప్రశ్న ఒక్కటి మధ్యలో పెట్టి పక్కకి తప్పుకుంది. మీ స్క్రిప్టులో "ఓడిన తండ్రి నన్ను కానుకగా ఇచ్చాడు" అన్న డైలాగు ఉంది చూడండి, అది ఈవిడకి ఇవ్వండి. సరిగ్గా సరిపోతుంది. న్యూనిజ్ లెక్కలో కొండపల్లి పట్టుకున్నప్పుడు గజపతి భార్యా కొడుకూ కూడా బందీలుగా దొరికారు. చివరికి సంధి కుదిరినప్పుడు కృష్ణానదికి అవతలి భూమి గజపతికి తిరిగిచ్చేశారు, అటు నుంచి పిల్ల వచ్చింది. ఆ పిల్లని ఎవరైనా అడిగారంటారా.

మౌనపాఠకురాలు:

ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, ఈసారి ఆగలేకపోతున్నా. చిన్నాదేవి గురించి ఒక్క లైనుతో సరిపెట్టేశారు అందరూ. న్యూనిజ్ రాసిన కథ ఏంటంటే, రాయలు రాజయ్యాక కూడా రాత్రిళ్లు రాజభవనం దాటి ఆవిడ ఇంటికి వెళ్లేవాడట, మంత్రి తిమ్మరుసు కనిపెట్టి ఒక రాత్రి వెనకాలే వెళ్లి ఆ ఇంటి దగ్గరే మందలించి వెనక్కి తీసుకొచ్చాడట. రాజునైతే నిన్ను పెళ్లి చేసుకుంటానని మాటిచ్చానని రాయలు చెప్పుకున్నాడు. తిమ్మరుసు తెలివిగా ముందు రాచకన్యతో పెళ్లి జరిపించి, ఈవిడని కూడా పక్కనే చేర్చి, లోకం నోరు మూయించాడు. ఎంతవరకు నిజమో గానీ, 1513కి వచ్చేసరికి కొండ మీద ఇద్దరి గిన్నెలూ ఒకే వరసలో ఉన్నాయి. గణిక అయినావిడ అక్కడికి చేరడం అంటే మామూలు విషయమా? రాయలు గద్దెనెక్కాక గడిచిన ఆ నాలుగేళ్లలో ఆవిడ ఎన్ని చూపులు భరించి ఉంటుందో. పేస్ అయితే కొత్త పట్టణమొకటి, ఇప్పటి హొసపేట, ఒక రాణి మీద ప్రేమతోనే కట్టించాడని రాశాడు, నాగలాపురం అన్న పేరు మాత్రం రాయల తల్లిదే. తల్లి పేరు పైకి, ప్రేమ లోపలికి!

ఇక ఏడుపు సీన్ సంగతి. తిరుమలదేవికి నిజంగా ఏడవాల్సిన రోజు ఒకటుంది, అది ఎవరూ నాటకంలో పెట్టరు. రాయలకి లేకలేక పుట్టిన కొడుకు తిరుమలరాయలు తిరుమలదేవి కొడుకే అంటారు. 6 ఏళ్ల వాడికి 1524లో పట్టం కట్టి, 8 నెలలు ఉత్సవాలు చేశారని న్యూనిజ్ రాశాడు. ఆ ఉత్సవాల్లోనే పిల్లాడు జబ్బుపడి పోయాడు. విషం పెట్టారని అనుమానం, తిమ్మరుసు కొడుకు మీద నింద, అప్పాజీ అని రాయలు పిలుచుకున్న తిమ్మరుసుకి కళ్లు పీకించడం, ఇదంతా అందరికీ తెలుసు. రాజు దుఃఖం తెలుసు, మంత్రి దుఃఖం మీద పాటలూ సీన్లూ ఉన్నాయి. తల్లి ఏమైందో ఒక్కరు రాయలేదు. న్యూనిజ్ కథలో ఆవిడ కనపడనే కనపడదు. 8 నెలల పండగ, నగలు మోసే చేతులు, ఆ మూసిన పల్లకీ, మధ్యలో ఆరేళ్ల పిల్లాడికి జ్వరం. ఒక అమ్మగా ఇంతకంటే ఎక్కువ రాయలేను.

హంపిదారి:

@మౌనపాఠకురాలు, ఇది చదివాక నేను పల్లకీ మీద వేసిన జోకు నాకే చిన్నగా అనిపించింది. ఇకనుంచి మీరు చదివి వెళ్లిపోవద్దు, రాస్తూ ఉండండి.

కొత్తచదువరి:

అందరికీ థ్యాంక్స్, ఇన్ని వస్తాయని అనుకోలేదు. మా నాన్నకి మొత్తం చదివి వినిపించాను, శాసనాల భాగం రెండుసార్లు చదివించుకున్నారు, మా ఆవిడ వైపు చూసి ఏమీ అనలేదు, అది ఇంకా ఎక్కువ.

స్కూల్లో మాస్టారితో మాట్లాడాను. మొదట నాటకానికి వారం కూడా లేదు అని విసుక్కున్నారు, తర్వాత 1513 తేదీ చూపిస్తే కాసేపు ఆలోచించి సరే అన్నారు. గజపతి డైలాగు తీసేశారు. మూడో రాణిగా ఇంకో అమ్మాయిని పెట్టి తుమ్మెద, సంపెంగ మాటలు చెప్పించడానికి ఒప్పుకున్నారు. కాళ్ల సీన్ మాత్రం తీయనన్నారు, చప్పట్లు దానికే పడతాయట. కొడుకు పోయిన సంగతి పెట్టలేదు. నేనూ అడగలేదు, ఎనిమిదో తరగతి పిల్లతో అది చెప్పించడం నాకే మనసొప్పలేదు.

మా అమ్మాయికి ఇప్పుడు కొత్త మొదటి సీన్, ఇద్దరు రాణులూ గిన్నెలు పట్టుకుని గుళ్లోకి వస్తారు. చిన్నాదేవి వేషం వేసే పిల్లా ఇదీ నిన్న మా ఇంట్లోనే ప్రాక్టీస్ చేశారు. వంటింట్లోంచి రెండు స్టీలు గిన్నెలు తెచ్చుకున్నారు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది. మా నాన్న పేపరు పక్కన పెట్టి లేచి వెళ్లి, చిన్న గిన్నె తీసేసి, పెద్దదానికి జత వెతికి తెచ్చిచ్చారు.

తిరుమలలో మహాద్వారం దాటగానే రాయలు, ఇద్దరు రాణులు చేతులు జోడించి నిలబడ్డ రాగి విగ్రహాలు ఉంటాయని, భుజాల మీద పేర్లు చెక్కి ఉంటాయని ఈ గొడవలోనే తెలిసింది. ఇన్నిసార్లు ఆ క్యూలో తోసుకుంటూ వెళ్లాను, ఒక్కసారీ ఆగి చూడలేదు. ఆగనిస్తారా అసలు?

శాసనాలపిచ్చి:

ఆగనివ్వరు. లైను కదులుతూనే ఉంటుంది, నడుస్తూనే తల తిప్పి చూడాలి. వెళ్లేటప్పుడు కంగారులో దాటేస్తాం, బయటికొచ్చేటప్పుడు గుర్తుపెట్టుకోండి. అమ్మాయికి ఆల్ ది బెస్ట్ చెప్పండి, వీడియో తీస్తే ఇక్కడ పెట్టండి.